రెండు దారుల చెలమ

ఇప్పకోన అడవిలో అడవిపందులు, దుప్పులు, ముళ్లపందులు, కుందేళ్లు, నక్కలు ఉండేవి. అడవి మధ్యలో ఒక ఇసుక వాగు. ఎండలు ముదిరితే వాగు ఎండిపోయేది. అప్పుడు జంతువులు ఇసుకలో గుంతలు తవ్వి, అడుగున ఊరిన నీళ్లు తాగేవి. ఆ గుంతలనే చెలమలు అనేవారు.

చెలమ దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. తవ్వినవాళ్లదే మొదటి గుక్క. తవ్వనివాళ్లు వెనక నిలబడాలి. నీళ్లు అందరికీ దొరికేవి. కానీ వెనక నిలబడ్డవాళ్ల మాట ఎవరూ పట్టించుకునేవారు కాదు.

చెలమ తవ్వడంలో కాటమ్మ అనే అడవిపందిని మించినవాళ్లు లేరు. ఆమె కూతురు గురివి కూడా తల్లంత చురుకైనదే. నిరుడు వేసవిలో అడవి అంటుకుంది. గురివి ఒక పొదలో ఇరుక్కుని, చివరికి ఎలాగో బయటపడింది. ఒంటిమీది గాయాలు మానాయి. మనసు మాత్రం కుదుటపడలేదు. ఎండుటాకు చిటపటమంటే వణికిపోయేది. చెలమలోకి దిగి, సగంలోనే పారిపోయేది.

గురివి ఒక్కతే కాదు. అలా బెదిరిన కుందేళ్లూ దుప్పులూ ఇంకా ఉన్నాయి. అన్నీ వెనక వరసలో తల దించుకుని నిలబడేవి.

"ఆకు చప్పుడు వీరులొచ్చారు, దారివ్వండర్రా," అని ఒకరోజు నక్క అంది. అందరూ నవ్వారు. ఆ రోజు కాటమ్మకు మేత సయించలేదు.

బెదిరినవాళ్ల కోసం వేరే చెలమ పెట్టిస్తానని ఆమె అడవి పెద్దలను ఒప్పించింది. మెల్లగా పని అలవాటైతే తన బిడ్డ మళ్లీ ముందు వరసలో నిలబడుతుందని ఆమె ఆశ.

ఈ సంగతి తెలిసి, వాగు అవతలి గట్టు నుంచి సోమన్న అనే ముళ్లపంది వచ్చాడు. చిన్నప్పుడు అతనూ మంటల్లో చిక్కినవాడే. చాలా కాలం బొరియ దాటి రాలేదట.

"అక్కా, ఎలాంటి చెలమ కావాలో వాళ్లనే అడుగుదాం. నన్నూ కలుపుకో," అన్నాడు.

"ఆకు కదిలితే ఇప్పటికీ నీ ముళ్లు లేస్తాయి కదయ్యా. నువ్వేం చెప్తావు?"

"లేస్తాయి కాబట్టే చెప్తానంటున్నానక్కా."

కాటమ్మ నవ్వి ఊరుకుంది. సోమన్న వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం గురివి తల్లి పక్కన చేరింది. "అమ్మా, ఆ చెలమ గురించి ఒక మాట..."

"అన్నీ నేను చూసుకుంటాగా. ముందు ఆ దుంప తిను."

గురివి దుంప తింది. మాట లోపలే ఉండిపోయింది.

కాటమ్మ ఎంతో ప్రేమగా ఏర్పాట్లు చేసింది. ఎవరి కళ్లూ పడకూడదని ఎత్తు గట్ల మధ్య చోటు చూసింది. ఎవరూ తొంగి చూడకుండా చుట్టూ ముళ్లకంపతో దడి కట్టింది. ఎండ తగలకూడదని గుంత లోతుగా చేసింది. లోపలికి ఒకటే సందు ఉంచి, ఆ సందులో తనే కాపలా కూర్చుంది.

బెదిరినవాళ్లంతా లోపలికి దిగి, మొదట బాగానే తవ్వారు. ఇంతలో గాలి లేచింది. దడిలోని ఎండుకంప చిటపటలాడింది. గురివి తల ఎత్తి చూసింది. ఎటు చూసినా గట్టు, కంప. ఉన్న ఒక్క దారిలో తల్లి. తను ఇరుక్కున్న పొద కూడా అచ్చం అలాగే ఉండేది.

కుందేళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "ఏం లేదమ్మా, ఏం లేదు, కూర్చోండి," అంటూ కాటమ్మ సందుకు అడ్డంగా నిలబడింది.

గురివి ముళ్లకంపను చీల్చుకుని పోయింది. కంపకు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఆ పిల్ల ఇంటికి రాలేదు.

కాటమ్మ అడవంతా వెతికింది. చివరికి గురివి వాగు అవతలి గట్టున కనబడింది. అక్కడ బెదిరినవాళ్లంతా ఒక చెలమ తవ్వుతున్నారు. సోమన్న ఒక్కొక్కరినీ అడిగి పెట్టించిన చెలమ అది. గుంత లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. బయటికి రెండు దారులు. భయం వేస్తే వెళ్లొచ్చు, తగ్గాక తిరిగి రావచ్చు. ఎక్కడికెళ్లావని ఎవరూ అడగరు. తెల్లవారుజామున చెమ్మకు ఆకు మెత్తబడి, చప్పుడు చేయదు. అందుకే పని ఆ వేళకు పెట్టుకున్నారు. ఆ ఉపాయం గురివిదేనట.

మొదటి గుక్క తాగి గురివి తల ఎత్తింది. వెనక వరసలో తల్లి నిలబడి ఉంది.

"ముందుకు రా అమ్మా."

"నేను తవ్వలేదుగా," అంది కాటమ్మ. అక్కడి నుంచే అడిగింది. "ఆ సాయంత్రం ఏం చెప్పబోయావు తల్లీ?"

"రెండు దారులు ఉంచమని."

ఇంటికి పోదామా అంది కాటమ్మ.

"చూడ్డానికి వస్తుంటానమ్మా. ఉండేది ఇక్కడే. ఇక్కడ నన్ను అడుగుతారు."

కాటమ్మ తిరిగొచ్చి దడి పీకేసింది. తన చెలమకు రెండో దారి తవ్వింది. ఎవరూ రాలేదు. ఇప్పటికీ ఆ చెలమలో నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. ముందు వరసలో కాటమ్మ ఒక్కతే నిలబడి తాగుతుంది.

నీతి: బెదిరిన మనసుకు పని చూపించాలంటే, ఆ బెదురు పడ్డవాళ్లనే ముందుగా అడగాలి. అడగకుండా చేసిన మేలు, ప్రేమతో చేసినా, వాళ్ల దారికి అడ్డే అవుతుంది.