కొసరిచ్చిన గడ్డిబండి

ఇలా నా పక్కకి జరుగు బంగారూ. దుప్పటి కప్పుకున్నావా? ఇవాళ గడ్డి కోసే బండి కథ. ఊఁ కొట్టాలి మరి!

అనగనగా ఒక ఆనకట్ట, దాని పక్కన ఒక కాలనీ. క్వార్టర్లన్నీ ఒకటే కొలత. ప్రతి ఇంటి ముందూ నాలుగు మంచాలంత పచ్చిక. అక్కడ ఝాన్సీ అని పద్నాలుగేళ్ళ పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న గెస్టు హౌసులో తోటమాలి. ఆయన దగ్గర చేత్తో తోసే గడ్డిబండి ఒకటుంది. తోస్తే చాలు, గిరగిరా తిరిగి గడ్డిని చిందులేయిస్తుంది! ఝాన్సీ ఆ బండి పిడి పట్టుకునే నడక నేర్చింది.

ఆ వేసవి సెలవుల్లో గెస్టు హౌసుకి కరెంటు బండి వచ్చింది. పాతదాన్ని ఆరువందలకి పాత ఇనుము వాడికి ఇచ్చెయ్యమన్నారు ఆఫీసరుగారు. ఝాన్సీ ఆయన ముందుకి పరుగెత్తింది.

"నాకివ్వండి సార్!" అంది.

"ఆదివారం సాయంత్రం వాడొస్తాడు. ఈలోగా ఆరువందలు తే, బండి నీదే. అందాకా తోసుకో" అన్నారాయన.

కాలనీలో గడ్డి కోసిపెడితే ఇంటికి వంద, ఆరిళ్ళు. అంతే కదా! ఝాన్సీ ఎగిరి గంతేసింది.

గురువారం విశాలాక్షమ్మగారింటికి వెళ్ళింది. వంకాయల బేరానికి దిగితే బండివాడికి చెమటలు పట్టించే మనిషావిడ.

"వందా! యాభై ఇస్తా. ఆ గోడ వార కూడా కొసరుగా కోసిపో" అంది. పాపం ఝాన్సీ అంతా కోసి, యాభై తీసుకుని వచ్చింది.

అప్పుడు ఝాన్సీ, "ఓహో, సగానికి తగ్గిస్తారన్నమాట. రేపు రెండొందలు చెప్తా" అనుకుంది.

శుక్రవారం లెక్కల మాస్టారు పురుషోత్తంగారింటికి వెళ్ళింది. ఆయన పుట్టి బుద్ధెరిగాక బేరమాడలేదు! రెండొందలంటే రెండొందలూ చేతిలో పెట్టేశారు. ఝాన్సీ ఇంటిదాకా పరుగే పరుగు.

ఆ తర్వాత ఏమైందనుకున్నావు? సాయంత్రం పాలబూతు దగ్గర మాస్టారూ విశాలాక్షమ్మగారూ కలిశారు. ఒకరు రెండొందలన్నారు, ఒకరు యాభై అన్నారు. కాలనీ అంతా గుప్పుమంది. "మనిషిని చూసి ధర చెప్తోందే!" అన్నారు. ఇంక ఒక్కరూ పిలవలేదు.

శనివారం పొద్దున్నే ఝాన్సీ మాస్టారి గుమ్మం ఎక్కింది.

"మాస్టారూ, మీ దగ్గర వంద ఎక్కువ తీసుకున్నాను" అని నోటు తిరిగిచ్చేసింది.

ఆ తర్వాత ఒక అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసి బండికి కట్టింది. "ఎవరికైనా వంద. బేరం లేదు. కొసరుంది!"

ఇంకేముంది, ఆడవాళ్ళంతా గేట్ల దగ్గరికొచ్చేశారు. "ఏం కొసరే పిల్లా? చెప్పవే!"

"తులసికోట చుట్టూ గడ్డిని కత్తెరతో ముగ్గులా కత్తిరిస్తా, అత్తా!"

నాకంటే నాకన్నారు! శనివారం రెండిళ్ళు, ఆదివారం రెండిళ్ళు. అరచేతులు బొబ్బలెక్కినా గిరగిర ఆగలేదు. అంతా కలిపితే ఐదువందల యాభై. అప్పుడే పాత ఇనుము వాడి రిక్షా గంట గణగణా మోగింది. ఝాన్సీ బండి పిడి గట్టిగా పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఏయ్, ఆగవయ్యా!" అని ఒక కేక. చూస్తే, చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొస్తోంది విశాలాక్షమ్మగారు! చేతిలో యాభై నోటు.

"అందరికీ వందైతే నాకూ వందే. ఇదిగో మిగతా సగం. ఇంతకీ నా తులసికోట కొసరేదే, దొంగపిల్లా?"

రిక్షా ఖాళీగా వెళ్ళిపోయింది. ఝాన్సీ తన సొంత బండి తోసుకుంటూ ఆవిడ వెనకే వెళ్ళింది, జేబులో కత్తెరతో.

గిరగిర బండి గూటికి,
కొసరు ముగ్గు కోటకి,
కథేమో కంచికి,
నా బంగారు నిద్దరకి!