మేక మింగిన ఆఠీను రాణి

చుక్కల కోడిపెట్టకు పొద్దుట్నుంచీ గుండె దడదడే. గూటికి కాపలా ఉండే కుక్క భైరిగాడు పోయి పోయి పేకముక్కల గారడీ చేసే నక్కతో పందెం కాశాడు మరి!

“నువ్వు తీసిన ముక్కను నేను పట్టుకోలేకపోతే ఈ దొడ్డి ఛాయలకే రాను బావా. పట్టుకున్నాననుకో, ఈ రాత్రికి నువ్వు గూడు వదిలేసి గడ్డివామి అవతల పడుకోవాలి,” అంది నక్క.

“నా కళ్ళు కప్పేవాడు ఇంకా పుట్టలేదులే,” అన్నాడు భైరిగాడు మీసం దువ్వి.

“నీ పౌరుషం తగలెయ్య! పోయేది నా పిల్లలు మామా!” అని కోడి లబోదిబోమంది. వింటేగా!

నక్క కుక్క ముక్కు కిందే పేక పరిచింది, అన్నీ బోర్లా. “ఒకటి తియ్యి. నేను అటు తిరుగుతా. అందరూ చూసి మళ్ళీ పేకలో పెట్టేయండి,” అని డాబుగా వీపు తిప్పి నిలబడింది.

భైరిగాడు తీశాడు. ఆఠీను రాణి. కోడీ చూసింది, పక్కనున్న మేక బుడ్డమ్మా చూసింది.

కోడికి ఠక్కున తట్టింది. ముక్క పేకలో లేకపోతే నక్కేంటి, దాని తాత కూడా తియ్యలేడు కదా! నిన్ననే గోడమీది సినిమా పోస్టరు మొత్తం నమిలేసిన బుడ్డమ్మ మూతి దగ్గరికి ముక్కను జరిపి, “కానీ అత్తా,” అంది చెవిలో. బుడ్డమ్మకు రెండోసారి చెప్పాలా? గుటుక్కుమనిపించింది. భైరిగాడు నోరు తెరవబోతే కోడి రెక్క అడ్డం పెట్టింది.

“పెట్టేశాం అన్నా, కలుపుకో!”

నక్క ఇటు తిరిగి చకచకా కలిపింది, కళ్ళు మూసుకుని ఏదో గొణిగింది, ఫట్‌మని ఓ ముక్క లాగి కుక్క ముందు కొట్టింది. “ఇదేనా బావా?”

ఆఠీను రాణే! అయిపోయింది, పిల్లలు దక్కరనుకుని కోడి ఏడుపు లంకించుకోబోయింది.

బుడ్డమ్మ తీరిగ్గా త్రేన్చి, “మరి నేను తిన్నదేంటర్రా?” అంది.

నక్క మొహం మాడిపోయింది. “తి... తినడమేంటి? పేకముక్కలు ఎవరైనా తింటారా?”

“మేం తింటాం నాయనా.”

భైరిగాడు పంజాతో పేకనంతా చెల్లాచెదురు చేశాడు. ఎటు చూసినా ఆఠీను రాణులే! “ఓరి దొంగా! అన్నీ ఒకటేనా!” అని అరిచేలోపు నక్క పొలాలకు అడ్డంపడి పరుగో పరుగు.

తరిమి తరిమి వచ్చిన భైరిగాడు కోడి మొహం చూడలేక గూటి తలుపుకు ఆనుకుని కూర్చున్నాడు. “ఈసారి పందెం కాస్తే నీ తోక కాసుకో మామా,” అంది కోడి. బుడ్డమ్మ మాత్రం మిగిలిన రాణుల పని పడుతోంది.

అందరి కళ్ళూ కప్పగలనని మిడిసిపడి వీపు తిప్పినవాడికి, వెనకాల ఏం జరిగిందో చివర్న గానీ తెలియదు.