మండువాలో ఎండ

నడిబజారులో అప్పడాల వియ్యమ్మకు తాతల నాటి మండువా లోగిలి ఉండేది. చుట్టూ వసారాలు, నడుమ కప్పులేని మండువా. తెల్లారి అక్కడ పరిచిన అప్పడాలు పొద్దువాలేసరికి గలగలలాడేవి.

ఆ చోటు మీద దివాను వల్లభరాయుడి కన్ను పడింది. పాత రాజుగారు దానమిచ్చిన ఇల్లు కనుక పడగొట్టే వీల్లేదు. దాంతో ఆ ఇంటి మీదే ఏడంతస్తుల మేడ లేపుతానని కొలువులో విన్నవించాడు.

"ఒక్క ఇటుక కదలనివ్వను మహాప్రభూ. ముసలమ్మ అనుభవించేదేదీ వీసమెత్తు తగ్గదు. తగ్గితే మేడ నేనే కూలగొట్టిస్తాను" అన్నాడు.

రాజుగారు, కబురందుకుని కొలువుకు వచ్చిన వియ్యమ్మ వైపు చూశారు. ఆమె చేతులు జోడించింది.

"కట్టుకోమనండి ప్రభూ. నా మండువాలో వాన ఎప్పటిలా పడితే చాలు."

"అంతేనా? ప్రతి అంతస్తులోనూ మండువా అంత ఖాళీ వదిలేస్తాను" అన్నాడు దివాను నవ్వుతూ.

"ఎండ కూడా ఎప్పటిలాగే పడాలి కదండీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా."

దివాను నవ్వు ఆగిపోయింది. పక్కనున్న మేస్త్రి తల గోక్కున్నాడు.

"ఏడంతస్తుల గోడల నడుమ అది బావి అయిపోతుంది దొరా. మిట్టమధ్యాహ్నం తప్ప ఎండ దిగదు. ఇప్పటిలా పడాలంటే గోడలు ఇప్పటి ఎత్తులోనే ఉండాలి."

"అయితే అంత ఎత్తులోనే కట్టించండి దివానుగారూ" అన్నారు రాజుగారు.

మర్నాటి సాయంత్రం దివానుగారింటికి ఒక అప్పడాల కట్ట వచ్చింది. తమరి మాట మీద ఎండినవని వియ్యమ్మ చెప్పి పంపింది.