బొంతయ్య కట్టిన దొంగ ఈగ

అనగనగా మంచుకొండల కింద ఒక అడవి, ఆ అడవిలో గలగలా పారే ఒక ఏరు. ఏటి ఒడ్డున గుహలో బొంతయ్య అనే ఎలుగుబంటి, అతని భార్య నేరేడమ్మ కాపురం ఉండేవారు.

శరత్కాలం వచ్చింది. ఆకులు పండి రాలుతున్నాయి. మంచు పడేలోగా ఎలుగుబంట్లు బాగా తిని ఒళ్ళు చేయాలి. లేకపోతే చలికాలమంతా గుహలో నిద్రపట్టదు. అందుకని నేరేడమ్మ రోజూ ఏట్లో దిగి, పంజాతో ట్రౌట్ చేపల్ని పట్టి తినేది.

బొంతయ్య మాత్రం దిగలేదు. ఎవరో మనిషి ఒడ్డున మరిచిపోయిన గాలం కర్ర అతనికి దొరికింది. మనుషులు గాలం ముల్లుకి వెంట్రుకలు చుట్టి దొంగ ఈగ కట్టడం, నిజం ఈగ అనుకుని చేప దాన్ని మింగడం అతను పొదల చాటునుంచి చూశాడు.

"ఇకమీదట నేను తడవకుండా, దర్జాగా పడతాను" అన్నాడు.

"దర్జా సరేలే, కడుపు సంగతి చూసుకో" అంది నేరేడమ్మ.

బొంతయ్య పొట్ట మీది బొచ్చు కాస్త పీకి, ఈగ కట్టి, నీళ్ళలోకి విసిరాడు. ఆ ఏటికల్లా బలిసిన ట్రౌట్ చేప మచ్చలదొర పైకి తేలాడు. ఈగ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది కట్టింది తమరేనా? ఎంత పనితనమండీ" అన్నాడు.

బొంతయ్య పొంగిపోయాడు. "నచ్చింది కదా, మింగు మరి."

"మింగేవాణ్ణే. రెక్కలు కాస్త పల్చబడ్డాయి. ఇంకో గుప్పెడు బొచ్చు పడితే కళ్ళు మూసుకుని మింగుతాను."

బొంతయ్య పొట్టంతా పీకేసి మర్నాడు మళ్ళీ వచ్చాడు.

"రెక్కలు అదిరాయి. నడుమే సన్నం. ఈ కాలంలో ఈగలు బలిసి ఉంటాయి కదండీ" అన్నాడు మచ్చలదొర.

నిజమేననిపించింది బొంతయ్యకి. వీపు తనకి అందక భార్యని పీకమన్నాడు.

"నువ్వు తినబోయే చేప నీకు పాఠాలు చెబుతోందా? చావాలని దానికంత సరదా ఏంటయ్యా?" అంది నేరేడమ్మ.

"పనితనం విలువ నీకేం తెలుసు" అని బొంతయ్య జిగురు కారే చెట్టుకి వీపు రుద్దుకున్నాడు. బొచ్చంతా ఊడొచ్చింది.

మూడోసారి మచ్చలదొర చాలాసేపు ఆలోచించాడు. "తమరు కూర్చునే చోట మెత్తటి వెంట్రుకలుంటాయే, అవి కూడా కలిస్తే ఇక తిరుగుండదు."

అవీ, వాటితోపాటు కాళ్ళూ చేతుల మీదివీ పోయాయి. కొత్త ఈగ దభీమని నీళ్ళలో పడింది.

"ఇది ఈగ కాదండీ, కాకి" అన్నాడు మచ్చలదొర. "మొదటిదే బాగుంది. మళ్ళీ అలాంటిదే కట్టండి."

కట్టడానికి ఒంటి మీద బొచ్చేదీ? బొంతయ్య నీళ్ళలోకి తొంగిచూశాడు. తొక్క తీసిన చిలగడదుంప ఒకటి అతనికేసి బిక్కమొహం వేసుకుని చూస్తోంది. కొండగాలి వీచింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఏడుపొచ్చింది.

అప్పుడే నేరేడమ్మ ఏట్లో దిగింది. సలహాలివ్వడం బాగా అలవాటైపోయిన మచ్చలదొర ఆమె దగ్గరికి కూడా వెళ్ళాడు.

"అమ్మా, మీరు నిలబడిన తీరు బాగోలేదు. ఎడమ కాలు కాస్త..."

ఎడమ కాలు ఏం చేయాలో నేరేడమ్మకి తెలియనే లేదు. ఈలోపే పంజా విసిరింది, చేప ఒడ్డున పడింది.

సగం చేప మొగుడికి పెట్టింది. తర్వాత అతని ఒంటికి జిగురు పూసి, ఎండుటాకులు అంటించి గుహలోకి తీసుకెళ్ళింది. ఆ చలికాలం బొంతయ్య ఎటు దొర్లినా కరకరమనేది. ఆ చప్పుడుకి లేచినప్పుడల్లా, "ఇప్పుడు రెక్కలెలా ఉన్నాయండీ?" అని మొగుడు కలవరించడం నేరేడమ్మకి వినబడేది.

నీతి: మనం ఓడిపోతే లాభపడేవాళ్ళు పొగుడుతూ ఇచ్చే సలహాలు వింటే, చివరికి ఒంటి మీద బొచ్చు కూడా మిగలదు.