దుర్భిణిలో నశ్యం

సముద్రపుటొడ్డు రాజ్యం కావడంతో అక్కడ వానకి వేళాపాళా ఉండేది కాదు. ఓనాడు జడివానలో రాజుగారి ఓడ రేవుకొచ్చింది. బాజా లేదు, భజంత్రీ లేదు, గొడుగు పట్టే నాథుడైనా లేడు. రాజుగారు తడిసి ముద్దై కొలువుకొచ్చారు.

"బురుజు మీద కాపలా ఉన్న ఈ పైడయ్య ఓడని చూడలేదు ప్రభూ! కొరడా దెబ్బలు కొట్టించండి," అన్నాడు దళవాయి గజపతయ్య.

పైడయ్య చేతులు జోడించాడు. "దళవాయి గారు తెప్పించిన దుర్భిణిలోకి నీళ్లు దిగాయి ప్రభూ. కన్ను పెట్టే అద్దం వెనకంతా ఆవిరే. ఇంక ఓడెక్కడ కనబడుద్ది?"

"అబద్ధం! సముద్రంలో ముంచినా దాంట్లోకి చుక్క దిగదు!" గజపతయ్య వెండి డబ్బీలోంచి చిటికెడు నశ్యం తీసి పీల్చి మరీ గర్జించాడు. ఆ నశ్యం ఆయన ప్రాణం. రాజుగారడిగినా పెట్టడు.

పైడయ్య చూపు ఆ వెండి డబ్బీ మీద పడింది.

"అయితే ఒక్క మనవి ప్రభూ. దళవాయి గారి నశ్యమంతా దుర్భిణిలో పోసి, అద్దం బిగించి, నీళ్లతొట్టిలో ముంచుదాం. నశ్యం పొడిగానే బయటికొస్తే నా వీపు మీ ఇష్టం."

రాజుగారు తలూపారు. భటుడు డబ్బీ కోసం చెయ్యి చాచాడు. గజపతయ్య దాన్ని గుండెలకి హత్తుకుని వెనక్కి గెంతాడు.

"అమ్మో! తడిసిపోదూ!"

కొలువంతా గొల్లున నవ్వింది. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, తీర్పు చెప్పారు. ఆ వానాకాలమంతా బురుజు మీద కాపలా గజపతయ్యదే. అదే దుర్భిణితో.