రోజుకి పన్నెండు పద్యాలు

వకుళకు గురువుగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ ఏ పుస్తకాన్నీ ఒక లెక్క ప్రకారం చదవరు.

గురువుగారంటే భ్రమరాంబ గారు. డెబ్బై ఆరేళ్ల మనిషి. పెద్దాసుపత్రి ఎదురుగా, రోగుల తాలూకు మనుషులు తలదాచుకునే సత్రం ఒకటుంది. అక్కడి హాల్లో రోజూ మధ్యాహ్నం మూడింటికి పాత కావ్యం ఏదైనా తీసి, పద్యం చదివి, అర్థం చెబుతారు. మధ్యాహ్నం మూసిన ఆసుపత్రి గేటు ఐదింటికి గాని తియ్యరు. అందాకా ఏం చెయ్యాలో తోచనివాళ్లంతా వచ్చి కూర్చుంటారు. పది రోజులు వింటారు, ఇరవై రోజులు వింటారు, తర్వాత కనబడరు. ఎలా వెళ్లారని అక్కడ ఎవరూ అడగరు.

వకుళ పద్దెనిమిదేళ్లు కాలేజీలో తెలుగు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి, మూడేళ్లుగా ఆవిడ దగ్గర చదువుకుంటోంది. ఈ మూడేళ్లలో ఒక కావ్యం అయింది, రెండోది సగంలో ఉంది. ఒకరోజు మూడు పద్యాలతో సరిపెట్టేస్తారు. మర్నాడు నలభై చదువుతారు. గేటు తీసే వేళ దాటినా ఆపరు, వినేవాళ్లూ లేవరు. ఇదేం పద్ధతో తెలుసుకుందామని వకుళ ఒక నోటుపుస్తకంలో తేదీల వారీగా రాసి చూసింది. పద్ధతేమీ కనబడలేదు.

ఆ ఏడు గురువుగారి కుడికన్ను మసకబారింది. శుక్లం తీయించుకోవాలన్నారు. ఉగాదికి వారం ముందు ఆవిడే వకుళను పిలిచి, ఈ ఏడాది నువ్వు చదువు, నేను వింటాను అన్నారు.

వకుళ చాలా రోజులుగా ఎదురుచూస్తున్న మాట అది. మర్నాటికల్లా ఐదు కావ్యాలు ఎంచుకుంది. వచనాలు వదిలేసి పద్యాలు లెక్కపెట్టింది. నాలుగువేల మూడువందల ఎనభై వచ్చాయి. ఏడాదికి భాగిస్తే రోజుకి సరిగ్గా పన్నెండు. ఒక్క పద్యం మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. నమ్మలేక రెండోసారి లెక్కపెట్టింది. మళ్లీ అంతే. పుస్తకాలే తన కోసం అలా కుదురుకున్నట్టు అనిపించింది.

చార్టు మీద ఎర్రగీతలు కొట్టి పట్టిక వేసి పట్టుకెళ్లింది. గురువుగారు దాన్ని ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఈ ఆగే చోట్లు ఎవరు పెట్టారమ్మాయ్?"

"ఎవరూ పెట్టలేదండీ. లెక్కలో వాటంతటవే వచ్చాయి."

"ఏడాది పొడుగునా వినడానికి ఇక్కడ ఎవరుంటారు?"

"పుస్తకం ఉంటుంది కదండీ."

గురువుగారు నవ్వి పట్టిక ఇచ్చేశారు.

మొదటి ఎనిమిది రోజులూ బాగా జరిగింది. కావ్యం మొదట్లో ఉండేవి ఎటూ పట్టణం, తోటలు, రుతువులే. ఎక్కడ ఆపినా ఎవరికీ ఏమీ కాదు. నాలుగున్నర కొట్టేసరికి పన్నెండో పద్యం పూర్తయ్యేది. వకుళ గొంతు మంచిది, చెప్పే తీరూ మంచిది. వెనకవరసలో కూర్చునే అప్పన్న అనే అతను మాత్రం, మేడమ్ గారు గడియారం చూసుకుని చదువుతున్నారు, కాలేజీ గంట ఒక్కటే తక్కువ అని పక్కవాడితో అన్నాడు. అది వకుళ చెవిన పడింది. మెచ్చుకోలుగానే తీసుకుంది.

అప్పన్న సాలూరు వైపు మనిషి. అక్క పైడమ్మకు తోడుగా వచ్చాడు. పైడమ్మ కొడుకు సూరిబాబు పంతొమ్మిదేళ్ల వాడు. బండి మీంచి పడ్డాడు. పది రోజులుగా కళ్లు తెరవలేదు. తండ్రి లేడు. పైడమ్మ రోజూ ముందువరసలో, స్తంభానికి ఆనుకుని కూర్చునేది. పద్యం అర్థమయ్యేది కాదేమో, అర్థం చెప్పేటప్పుడు మాత్రం వకుళ నోటికేసే చూసేది.

తొమ్మిదో రోజు గురువుగారు కంటి ఆపరేషన్‌కు వెళ్లారు. ఆ రోజే కావ్యంలో కథ మొదలైంది. శత్రువులు కోట పట్టుకుంటే రాణి కొడుకును తీసుకుని పారిపోతుంది. వరదలో ఉన్న ఏరు దాటాలి. నడిమధ్యలో పడవ బోల్తా కొడుతుంది. రాణి ఒడ్డుకు పడుతుంది. పన్నెండో పద్యంలో పిల్లవాడి చెయ్యి ఒక్కసారి నీళ్లపైకి వచ్చి, మళ్లీ కనబడదు.

చాలా గొప్ప పద్యం అది. వకుళ దాన్ని రెండుసార్లు చదివింది. పుస్తకం మూసి కళ్లకద్దుకుంది.

"బిడ్డ బతికినాడా అమ్మా?" పైడమ్మ అడిగింది. ఇన్ని రోజుల్లో ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"రేపు చెబుతానుగా," అంది వకుళ. మనుషులు రేపటికోసం ఆగేలా చెయ్యగలిగానని లోపల సంతోషించింది కూడా.

మర్నాడు పదింటికి గురువుగారు ఆటో దిగారు. కంటికి ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టి ఉంది. వకుళ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తుంటే అప్పన్న వచ్చాడు. మునుపటి వెటకారం లేదు. తువ్వాలు చేతిలో నలుపుతున్నాడు.

సంగతి ఏమిటంటే, సూరిబాబు తలలో రక్తం గడ్డకట్టింది. తల తెరిచి తీయాలి, పన్నెండింటిలోగా ఒప్పుకోలు కాగితం మీద తల్లి వేలిముద్ర కావాలి అని డాక్టర్లు పొద్దున్నే చెప్పారు. బతుకుతాడని మాట ఇవ్వలేదు. చెయ్యకపోతే మాత్రం బతకడన్నారు. పైడమ్మ వేలిముద్ర వెయ్యనంటోంది. వార్డు మెట్ల మీద కూర్చుంది, కదలదు.

"ఆణ్ణి ఇంటికి అట్టుకుపోదామంటంది," అన్నాడు అప్పన్న. "పుస్తకంలోనే ములిగిపోనాడు, ఇంక ఆడి తలకాయ కోయించడమెందుకూ అంటంది. మీరు సెప్తే ఇంటాదేమోనని వచ్చినాను."

వకుళ గ్లాసు కింద పెట్టేసింది. కథ అయిపోలేదని, తర్వాత పద్యాల్లో పిల్లవాడు బతుకుతాడని, ఆ మాట వెంటనే వెళ్లి చెప్పమని గబగబా అంది.

"బతుకుతాడులే, కథలంతే అని నేనూ అన్నానమ్మా. నువ్వు సదివినావా అనడిగింది."

గురువుగారు రెండో కంటితో వకుళను చూశారు. కోపం లేదు ఆ చూపులో. వకుళకు అదే ఎక్కువ బాధ.

"బిడ్డ నీళ్లలో ఉండగా పుస్తకం మూశావా, వకుళా?"

మూడు పద్యాలు ఎందుకో, నలభై పద్యాలు ఎందుకో వకుళకు అప్పుడు తెలిసింది. మూడేళ్లు పక్కనే కూర్చుని తేదీలు రాసుకుంది, ఎదురుగా కూర్చున్న వాళ్ల ముఖాలు ఒక్కరోజూ చూడలేదు.

"పుస్తకం తీసుకో," అన్నారు గురువుగారు, లేస్తూ.

రోడ్డు దాటడానికి అప్పన్న చెయ్యి పట్టుకున్నారు. వార్డు మెట్లు ఎక్కలేక ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆగారు. పైడమ్మ ఏడో మెట్టు మీద కూర్చుని ఉంది. మోకాళ్ల మీద చేతులు, చేతుల్లో ఏమీ లేదు. కాగితం పట్టుకున్న నర్సు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పాపం ఆ అమ్మాయి కూడా అలిసిపోయినట్టే ఉంది.

గురువుగారు పైడమ్మ కంటే ఒక మెట్టు కిందే కూర్చున్నారు.

"నిన్న సగంలో ఆపేశాం తల్లీ. తప్పు మాది. మిగతాది చదవడానికి వచ్చాం."



చదవమని గురువుగారు సైగ చేశారు. వకుళ మెట్ల పక్కన గోడకు ఆనుకుని నిలబడి పుస్తకం తెరిచింది. పైకీ కిందికీ మనుషులు వెళ్తున్నారు, స్ట్రెచర్లు వెళ్తున్నాయి. పద్యం చదివి అర్థం చెప్పడం మొదలుపెట్టింది.

నిన్న ఆపిన చోట రాణి ఒడ్డున ఉంది. చీకటి పడింది, తెల్లవారింది. వెంట ఉన్న నలుగురూ, ఇంక పదమ్మా, పిల్లవాడు లేడు, జరగాల్సింది చూద్దాం అంటారు. పురోహితుడు కూడా అదే చెబుతాడు. ఆవిడ ఏడవదు, వాళ్లతో వాదించదు. అలా ఏరుకేసి చూస్తూ నిలబడుతుంది. అన్నం తెచ్చిపెడితే నిలబడే తింటుంది. రెండో రోజూ అంతే.

ఇవాళ చదివినవాటిలో ఇది ఏడో పద్యం. బిడ్డ దొరికాడన్న పడవవాడి కేక వినబడేది పదహారో పద్యంలో. వకుళ తొందరపడి పుట తిప్పబోయింది.

"ఇంటికి రమ్మంటే పోనేదా ఆవిడ?" పైడమ్మ అడిగింది.

"పోలేదమ్మా."

"ఒడ్డునే ఉందా?"

"ఒడ్డునే ఉంది."

పైడమ్మ కొంగు బిగించి లేచింది. మోకాలు పట్టేసిందేమో, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. గుమ్మం దగ్గరకు వెళ్లి నర్సును అడిగింది.

"ఏలిముద్ర ఎక్కడెయ్యాల?"

వకుళ ఆమె వెనకాలే రెండు మెట్లు ఎక్కింది. బిడ్డ దొరుకుతాడమ్మా, తొమ్మిది పద్యాలే ఉన్నాయి, విని వెళ్లు అనబోయింది. గురువుగారు వకుళ కొంగు పట్టుకుని ఆపారు.

"వద్దు. ఎక్కడ ఆగాలో ఆవిడే చూసుకుంది."

పన్నెండు కాకముందే సూరిబాబును లోపలికి తీసుకెళ్లారు. అప్పన్న అక్క దగ్గర ఉండిపోయాడు. గురువూ శిష్యురాలూ సత్రానికి తిరిగివచ్చారు. దారిలో వకుళ ఒక్కమాట అడిగింది, ఒకవేళ ఆ అబ్బాయి దక్కకపోతే అని. గురువుగారు నడుస్తూనే, అది మనం చదివే పుస్తకం కాదమ్మాయ్ అన్నారు.

మూడయింది. హాల్లో జనం చేరారు. నిన్నటి వాళ్లు ఉన్నారు. వాళ్లందరికీ ఆ పిల్లవాడు ఇంకా నీళ్లలోనే ఉన్నాడు. కొత్తగా ముగ్గురు వచ్చారు. ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకున్న ముసలాయన ఒకరు, చంటిపిల్లను భుజాన వేసుకున్న ఒకమ్మాయి, ఆ అమ్మాయి అత్తగారు. ముందువరసలో స్తంభం పక్కన చోటు ఖాళీగా ఉంది. కొత్తవాళ్లు కూడా అక్కడ కూర్చోలేదు. ఆసుపత్రి నుంచి ఇంకా కబురు రాలేదు.

వకుళ పుస్తకం ఒళ్లో పెట్టుకుంది గాని తెరవలేదు. ముసలాయన ముఖం చూసింది. ఆ అమ్మాయి ముఖం చూసింది. నిన్నటి వాళ్లను ఒక్కొక్కరినే చూసింది. ఎవరి సంగతి ఏమిటో ఆమెకు తెలియదు. ఇంతకుముందు అడగాలని తోచలేదు.

గురువుగారు గోడవైపు కుర్చీలో తల వెనక్కి ఆనించి కూర్చున్నారు. మంచి కన్ను కూడా మూసుకున్నారు.

"ఇవాళ ఎంతవరకు?" అని అడిగారు.

"బిడ్డ తల్లి దగ్గరకు చేరేదాకానండీ."

"ఎన్ని పద్యాలవుతాయి?"

"చూడలేదండీ."

"చదువు," అన్నారు గురువుగారు.