ఇన్నయ్య సమాధిలో పాదరసం

ప్రశ్న అడిగినవాడికి చిన్నప్ప మాస్టారు జవాబు చెప్పరు, పని చెబుతారు. మూడేళ్లుగా ఆయన దగ్గర చదువుకుంటూ, బడిలో పిల్లలకు పాఠాలు కూడా చెబుతున్న శౌరికి ఈ సంగతి తెలుసు. అయినా ఆ రోజు కడుపు మండి అడిగేశాడు.

“జ్ఞానం ఎవరి ముందూ తల వంచదు మాస్టారూ! ఈ తీరంలో మొట్టమొదట గాలి బరువు కొలిచిన ఇన్నయ్యగారికి చర్చిలో సమాధి ఏమిటి? జనం దాని ముందు మోకరించడం ఏమిటి? సమాధిలో బిగించిన ఆ బారోమీటరు ఊడదీసి బడికి పట్టుకుపోదాం.”

చర్చి గోడలో ఇన్నయ్య సమాధి ఫలకం నేలకు రెండడుగుల ఎత్తులోనే ఉంటుంది. అలా పెట్టమని ఆయనే రాసిపోయాడు. చచ్చాక కూడా మొక్కించుకోవాలనే యావ అని శౌరి కోపం. ఫలకం మధ్య గూట్లో పాదరసం గొట్టం, దాని ముందు గీతలు చెక్కిన ఇత్తడి రేకు. కింద రెండే మాటలు: ‘చూసి వెళ్లండి.’ రేడియోలు లేని రోజులవి. పాదరసం దిగిందంటే గాలివాన వస్తున్నట్టు. ఆ రోజు గంటగోపురం మీద ఎర్రగుడ్డ ఎగిరేది, పడవలు కదిలేవి కావు.

“రేపు పొద్దున పాదరసం చూసి పడవలకు నువ్వే చెప్పు,” అన్నారు మాస్టారు. “ఊడదీసే సంగతి తర్వాత చూద్దాం.”

మర్నాడు ఆకాశం తేటగా ఉంది. ఒడ్డున పదకొండు పడవలు, ముందుదాంట్లో శౌరి అన్న దావీదు. “ఏరా తమ్ముడూ, పాదరసం చూస్తున్నావా, దానికి ఉపన్యాసం ఇస్తున్నావా?” అని అక్కణ్ణుంచే కేక వేశాడు.

శౌరి ఫలకం ముందు నిటారుగా నిలబడ్డాడు. మెడ మాత్రం వంచి చూశాడు. నిన్న మాస్టారు రేకు మీద గుర్తుగా పెట్టిన ఇత్తడి ముల్లు దగ్గరే ఉంది పాదరసం. గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపాడు. దావీదు పడవ కెరటాల్లోకి దూకింది.

వెనక ఫలకం ముందు ముసలి అంతోనమ్మ మోకాళ్లమీద కూలబడింది. ఆమె కొడుకు రెండో పడవలో ఉన్నాడు. “ఓరి నాయనో! దిగిపోయింది బాబూ, వేలెడు దిగిపోయింది!”

“మొక్కే కళ్లకు అన్నీ కనిపిస్తాయి అవ్వా.”

“నీకు చదువుంది గానీ వంగే నడుం లేదురా!” అంటూ ఆమె అతని చొక్కా పట్టి ఫలకం దగ్గరికి లాగింది.

శౌరి మాస్టారి వైపు చూశాడు. ఆయన గోపురం తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. లాగడం లేదు. చేతి నరాలు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

“నీ భ్రమ నీకే చూపిస్తా,” అంటూ శౌరి విసురుగా మోకాలు నేలకు ఆనించాడు.

కన్ను గొట్టంలో పాదరసం మట్టానికి సమంగా వచ్చింది. పాదరసం ముల్లుకు వేలెడు కింద ఉంది. లేచాడు, ముల్లు దగ్గరికి ఎక్కింది. వంగాడు, దిగింది. కొలత చూసేటప్పుడు కన్ను మట్టానికి సమంగా ఉండాలని ఎనిమిదో తరగతి పిల్లల చేత అతనే నూరుసార్లు వల్లె వేయించాడు.

తాడు లాగింది ఎవరో అతనికి గుర్తులేదు. ఎర్రగుడ్డ ఎగిరింది, గంట మోగింది. పది పడవలు ఒడ్డునే ఆగిపోయాయి. దావీదు పడవ అప్పటికే కెరటాలు దాటేసింది. శౌరి నడుంలోతు నీళ్లలో నిలబడి గొంతు పగిలేలా అరిచాడు. చాలాసేపటికి తెరచాప వాలింది, పడవ మూతి తిరిగింది. అది ఇసుక తాకేసరికి దక్షిణాన సముద్రం నల్లబడింది.

మధ్యాహ్నం చర్చి తలుపులు గాలికి కొట్టుకుంటున్నాయి. శౌరి తడి బట్టలతోనే ఫలకం ముందు కూర్చుని ఉన్నాడు. “మా అన్న పోయేవాడు మాస్టారూ,” అన్నాడు. “మోకరించి చూడరా అని ఒక్క మాట ముందే చెప్పకూడదా?”

మాస్టారు తలుపు గడియ బిగించి వచ్చారు.

“నేను చెబితే మొక్కేవాడివి,” అన్నారు. “ఇప్పుడు చూశావు.”